పెట్టెలో లేని మాట

లీలావతమ్మ గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, లేచి చెప్పులు వేసుకుంటారు. వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే విద్యను మాకు నేర్పిన గురువు ఆవిడ. రిటైరై ఆరేళ్లయినా, సందేహం వస్తే మేమంతా ఇప్పటికీ ఆవిడ గుమ్మంలోనే తేలతాం. ఎండలో ఆవిడ వెంట నడవలేక సందేహాన్ని దిగమింగుకున్న రోజులు నాకైతే చాలానే ఉన్నాయి. నాతోపాటు ఆవిడ దగ్గరే చదువుకున్న హైమావతి నాకన్నా ధైర్యస్థురాలు, పోయిన ఏడాది వెళ్లి అడిగేసింది. ఆ సంగతి నాకు తనే చెప్పింది.

"మేడమ్, ఎంత మంచి పరికరం ఇచ్చినా వాడుకోలేని పిల్లలు ఉంటారు కదా. ఉన్నదున్నట్టు అలాగే రాసి పంపితే తప్పా?"

అడిగింది తేజశ్రీ గురించి. హైమావతి పనిచేసే బడిలో, చీరాల దగ్గరి ఓ పల్లెలో, నాలుగో తరగతి పిల్ల. మాట రాదు. చేతులు స్వాధీనంలో ఉండవు, పిడికిలితో మీట మాత్రం నొక్కగలదు. ఆ పిల్ల కోసం హైమావతి ఆఫీసుల చుట్టూ తిరిగి ఒక మాట్లాడే పెట్టె తెప్పించింది. దాని మీద పదహారు గడులు, గడికో బొమ్మ. నొక్కితే మనం రికార్డు చేసిపెట్టిన మాట పలుకుతుంది. మూడు నెలలైనా తేజశ్రీ దాన్ని ముట్టలేదు. శుక్రవారంలోగా నివేదిక పంపాలి. వాడలేకపోతోందని రాస్తే పెట్టె వేరే బడికి పోతుంది, ఆ పిల్లకు ఇక ఇంటి దగ్గరే వారానికొక పాఠం చాలంటారు. అంటే పెట్టెతోపాటు తరగతిలో బెంచీ కూడా పోయినట్టే.

లీలావతమ్మ గారు చెప్పులు వేసుకున్నారు.

బడిలో హెడ్మాస్టారు ఎదురొచ్చి, "బూడిదలో పోసిన పన్నీరండీ," అంటూ పెట్టె తెచ్చి తనే ఒక మీట నొక్కి చూపించారు. "దయచేసి నాకు మంచినీళ్లు ఇవ్వగలరు," అంది పెట్టె, అచ్చం ఆయన గొంతుతో. ఇంకోటి నొక్కితే, "ధన్యవాదములు," అంది. మాట స్పష్టంగా ఉంటుందని హైమావతే ఆయన్ని బతిమాలి పలికించింది. తొమ్మిదేళ్ల ఆడపిల్ల తరఫున యాభై ఏళ్ల పెద్దమనిషి మాట్లాడితే తోటిపిల్లలు నవ్వకుండా ఉంటారా? మొదటి రోజే నవ్వారు. ఆ రోజు తోసేసిన పెట్టెను తేజశ్రీ మళ్లీ దగ్గరికి రానివ్వలేదు. అది మొండితనమని హైమావతి అనుకుంది. ఆమెను అనడమెందుకు, నేనూ అలాగే అనుకునేదాన్ని.

లీలావతమ్మ గారు తేజశ్రీ వంక చూడనైనా చూడకుండా చివరి బెంచీలో కూర్చుని, గంటసేపు పిల్లల గోల వింటూ కాగితం మీద ఏవో గీతలు గీసుకున్నారు. తర్వాత హైమావతిని పిలిచారు.

"‘నేనూ వస్తా’ పదకొండుసార్లు, ‘నాకొద్దు’ తొమ్మిదిసార్లు, ‘అది నాది’ ఆరుసార్లు. ధన్యవాదములు ఒక్కరూ చెప్పలేదు హైమా."

"వద్దు అనడం కూడా పెట్టెలో పెట్టమంటారా మేడమ్? అసలే మొండిఘటం."

"పెట్టు. ఆ పిల్ల పక్కన కూర్చునేది ఎవరు?"

పక్కన కూర్చునేది నజ్మా, ఊరంతా వినబడే గొంతున్న పిల్ల. ఒక్కో మాటా నజ్మా చెప్పి చూపించడం, తేజశ్రీ కళ్లు విప్పార్చి సరేనంటే రికార్డు చేయడం. హెడ్మాస్టారు కాస్త చిన్నబుచ్చుకుని, "అయితే నా గొంతు తీసేసినట్టేనా?" అన్నారు.

మధ్యాహ్నం భోజనాల వేళ పెట్టె తేజశ్రీ ముందే ఉంది. హైమావతి రోజూలాగే గుడ్డు చిదిమి అన్నంలో కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. పిడికిలి ఊగి ఊగి వచ్చి ఒక గడి మీద పడింది.

"నాకొద్దు," అంది పెట్టె.

వరండాలో పిల్లలందరూ మెడలు చాచి చూశారు.

"చెయ్యి తగిలి మోగుంటుంది లెండి," అని హెడ్మాస్టారు తన చేత్తో పల్లీ చిక్కీ ముక్క అందించారు. తేజశ్రీ నోరు తెరిచి తినేసింది. ఆయన ఈసారి చెంచాతో గుడ్డు పెట్టబోయారు. "నాకొద్దు." ఆయనా తక్కువ తినలేదు, మళ్లీ పెట్టబోయారు. "నాకొద్దు. నాకొద్దు." పిల్లలందరూ విరగబడి నవ్వారు, అందరికన్నా ఎక్కువ తేజశ్రీ నవ్వింది.

"దానికి గుడ్డు పడదు సార్," అంది నజ్మా, తన పళ్లెంలోంచి తల ఎత్తకుండానే. "రోజూ ఉమ్మేస్తదిగా."

హైమావతి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. రోజూ ఉమ్మేసేది, నిజమే. రోజూ తను మూతి తుడిచి మళ్లీ పెట్టేది. అది గొంతు లోపమనుకుని, ‘మింగడంలో ఇబ్బంది’ అని పాత నివేదికలో తన చేత్తోనే రాసింది.

హెడ్మాస్టారు చెంచా కింద పెట్టి, "ఇంకేం కావాలమ్మా, వాడుతోందని రాసుకురా. సంతకం నేను పెడతా," అన్నారు. తేజశ్రీ బెంచీ తేజశ్రీకే ఉండిపోయింది. హైమావతికి సంతోషమూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చి కళ్లనీళ్లు తిరిగాయి.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ అంది. "జూన్ నుంచీ ఇష్టం లేనిదే కుక్కి కుక్కి పెట్టాను మేడమ్. ఇప్పుడేం చెయ్యను?"

లీలావతమ్మ గారు కొంగుతో చేతులు తుడుచుకున్నారు.

"ఇవాళ గుడ్డు వద్దంది. రేపు లెక్కలు వద్దంటుంది. ఎల్లుండి నిన్నే వద్దంటుంది. అలవాటు చేసుకోమ్మా."