సింహాసనం వెనక మరక

నల్లచెలమ అనే రాజ్యం ఒకటుండేది. ఏ నది ఒడ్డున, ఏ కొండ వెనక అని మాత్రం అడక్కండి. అక్కడి రాజుకు అలాంటి ప్రశ్నలు గిట్టేవి కావు. దారి అడిగిన బాటసారిని కూడా పట్టుకుని, దారి నీకెందుకని పూటంతా కూర్చోబెట్టే మనిషి ఆయన.

పేరు ఉద్దండ భూపాలుడు. పేరులో ఉన్న ధైర్యం మనిషిలో లేదు. మంగలి గడ్డం గీస్తుంటే అతని చేతిని కనిపెట్టడానికి ఒక భటుడు, ఆ భటుడి చూపు ఎటు పోతోందో కనిపెట్టడానికి ఇంకో భటుడు ఉండాలి. వంటింటి గుమ్మంలో వేగులు, పడకగదిలో వేగులు, రాణివాసం మెట్ల కింద వేగులు. ఇలాంటివాళ్ళను చూస్తే కొందరికి జాలి కలుగుతుందట. నాకు ఒళ్ళు మండుతుంది. తాము నిద్రపోరు, పక్కవాళ్ళను నిద్రపోనివ్వరు.

ఆ కొలువులో సోమన్న అని ఒకడుండేవాడు. రాజుగారి భోజనం ముందుగా రుచి చూడటం అతని ఉద్యోగం. పళ్ళెంలో ఏం వడ్డించినా మొదటి ముద్ద సోమన్న తినాలి. తిని కాసేపు బతికుండాలి. అప్పుడు గానీ రాజు పీట మీద కూర్చునేవాడు కాదు. "సోమన్న నాలుక తాకని తిండి విషంతో సమానం" అని రాజు స్వయంగా శాసనం రాయించి వంటింటి గోడలో పెట్టించాడు. సోమన్న లావుపాటి మనిషి, నిదానస్తుడు. ఏ మాటైనా కాసేపు నోట్లో నానబెట్టుకుని గానీ బయటికి వదిలేవాడు కాదు.

రాజుకు ఇంకో గొప్ప ఉండేది, ఉపవాసం. ఏకాదశి వచ్చిందంటే ఊళ్ళో పొయ్యి వెలగకూడదని దండోరా వేయించేవాడు. పసిపిల్లలకూ, ముసలివాళ్ళకూ, రోగులకూ మాత్రం మినహాయింపు. మిగతావాళ్ళెవరు మెతుకు ముట్టినా గాడిద మీద ఊరేగింపే. "నేను మంచినీళ్ళు కూడా ముట్టను" అని ముందురోజు కొలువులో చెప్పేవాడు. అది వినగానే మంత్రి గుండయామాత్యుడు ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకునేవాడు.

అలా ఒక ఏకాదశి గడిచింది. ద్వాదశి నాడు పొద్దున్నే కొలువుకూటం ఊడుస్తున్న నాంచారమ్మ సింహాసనం వెనక్కి వెళ్ళి, చీపురు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అక్కడ పరిచిన తివాచీ పారశీక దేశం నుంచి ఓడ మీద వచ్చింది, మీగడ రంగుది. దాని మీద అరచెయ్యంత పచ్చని మరక. ముట్టుకుంటే జిడ్డు.

వేరే రాజ్యంలో అయితే ఆమె వెళ్ళి పెద్దవాళ్ళకు చెప్పేది. ఇక్కడ చెబితే ముందు తననే పట్టుకుంటారు. సింహాసనం వెనక అడుగుపెట్టే హక్కు రాజుగారికీ, ఊడ్చే మనిషికీ తప్ప ఇంకెవరికీ లేదు. భయపడి పరుగున పోయి చౌడుమట్టి తెచ్చింది. తడిపి, మరక మీద వేసి రుద్దింది. జిడ్డుబట్టలకు ఇంట్లో ఆమె చేసే పనే అది. కానీ రుద్దినకొద్దీ ఆ పచ్చదనం ఎర్రబడింది. ఇంకా రుద్దితే నెత్తుటి రంగుకు తిరిగింది.

ఆ వేళకు ఎప్పుడూ రాని రాజు ఆ రోజు ఎందుకో వచ్చాడు. వెనకే మంత్రి.

"నెత్తురు" అన్నాడు రాజు.

"మొదట పచ్చగానే ఉందయ్యా, ఏలినవారూ. కడిగేసరికి ఇట్టా ఎర్రగా అయింది" అంది నాంచారమ్మ.

"విన్నారా ప్రభూ" అన్నాడు మంత్రి. "కడిగితే మరక పోతుంది. ఈమె కడిగితే నెత్తురొచ్చింది. ఇది చేతబడి కాక మరేమిటి?"

అంతే. పొద్దు గుంకేలోగా నాంచారమ్మ ఇంటిల్లిపాదితో సరిహద్దు దారి పట్టాలని ఆజ్ఞ అయింది. ఇంటిల్లిపాదీ అంటే ఆమె, ఆమె కూతురు చిట్టెమ్మ. చిట్టెమ్మ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నేడో రేపో అన్నట్టుంది. సరిహద్దు దాకా ఉన్నది అడవిదారి. ఆ స్థితిలో ఆ పిల్ల ఎలా నడుస్తుందని అక్కడ ఒక్కరికీ తోచలేదు.

కబురు మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. నాంచారమ్మ వీధిలో తలుపులు మూసుకున్నాయి. పొద్దున వస్తానన్న మంత్రసాని, చేతబడి చేసేవాళ్ళ గడప తొక్కనని చెప్పి పంపింది. ఇక కొలువులో అయితే ఒకరి నీడను ఒకరు తొక్కకుండా నడుస్తున్నారు. అసలు సంగతి చాలామందికి తట్టకపోలేదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుందని తెలియని ఇల్లుందా? చౌడు చేసేదీ అదే పని. కానీ పసుపు అన్నామా, తిండి అనాలి. తిండి అన్నామా, ఏకాదశి నాడు ఎవరు తిన్నారని అడుగుతారు. సింహాసనం వెనక ఎవరు తింటారని కూడా అడుగుతారు. అక్కడిదాకా ఆలోచించి అందరూ ఆగిపోయారు. ఇంత పిరికితనం కూడా ఉంటుందా అని నాకైతే చెప్పలేనంత కోపం వస్తుంది.

సాయంత్రం కొలువు తీరింది. ఊరు దాటించే ముందు నలుగురికీ చూపించడానికని నాంచారమ్మను, కదలలేని చిట్టెమ్మను తెచ్చి ఒక పక్కన కూర్చోబెట్టారు. అప్పుడు సోమన్న కోసిన నిమ్మచెక్క ఒకటి పట్టుకుని ముందుకొచ్చాడు.

"ప్రభూ, ఆ నెత్తుటి మరకను ఒకసారి చూడనివ్వండి."

"నీకెందుకు?" అన్నాడు రాజు. "నిమ్మకాయ ఎందుకు తెచ్చావు? నువ్వూ ఆమెతో కలిశావా?"

"చేతబడికి నిమ్మకాయ విరుగుడంటారు కదా ప్రభూ. పనిచేస్తే మంచిదే. చేయకపోతే నన్నూ ఆమెతో పాటు పంపించెయ్యండి."

రాజు అనుమానంగానే తలూపాడు. సోమన్న మరక పక్కన చతికిలబడి నిమ్మరసం పిండాడు. అందరూ మెడలు సాచి చూస్తుండగా ఎర్రని మరక అంచుల నుంచి లోపలికి పచ్చబడుతూ వచ్చింది.

"నెత్తురు పచ్చబడదు ప్రభూ" అన్నాడు సోమన్న. "ఇది పసుపు. చౌడు తగిలి ఎర్రబడింది, పులుపు తగిలి మళ్ళీ పచ్చబడింది. జిడ్డుంది కాబట్టి నూనె కూడా ఉంది. ఇదుగో ఆవగింజ. ఎవరో ఇక్కడ కూర్చుని పులిహోర తిన్నారు."

రాజు ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే సర్దుకున్నాడు.

"అయితే ఈ ఊడ్చేదే తిన్నదన్నమాట. ఏకాదశి నాడు, నా సింహాసనం వెనక కూర్చుని. చేతబడి కంటే ఇది పెద్ద నేరం. గాడిదను తెప్పించండి."

నాంచారమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది.

"చిత్తం" అన్నాడు సోమన్న. "గాడిద కంటే ముందు వైద్యుణ్ణి తెప్పించాలి ప్రభూ."

"వైద్యుడెందుకు?"

"ఈ పులిహోర నేను రుచి చూడలేదు. నేను రుచి చూడని తిండి విషంతో సమానమని తమరి శాసనమే ఉంది. తిన్నది ఎవరైనా వాళ్ళ ప్రాణం ప్రమాదంలో ఉన్నట్టే."

మంత్రి నవ్వాడు. "ఊడ్చుకునే మనిషికి విషం ఎవరు పెడతారయ్యా?"

"అదే నాకూ అనుమానం" అన్నాడు సోమన్న. "ఆమెకు ఎవరూ పెట్టరు. నిన్న ఊరు మొత్తం మీద పెద్ద పొయ్యి వెలిగింది రాజమాతగారి వంటింట్లో ఒక్కచోటే. ఆవిడ పెద్దావిడ కాబట్టి ఆవిడకు మినహాయింపు. కోటలో వండిన తిండిలో విషం కలిపినవాడు ఊడ్చే మనిషి కోసం కలపడు. పెద్ద తలకాయ కోసమే కలుపుతాడు."

రాజుగారి నుదుటి మీద చెమట పట్టింది. ఉత్తరీయంతో తుడుచుకున్నాడు. కాసేపటికి మళ్ళీ పట్టింది.

"విషమైతే" అన్నాడు, "ఎంతసేపట్లో తెలుస్తుంది?"

"కొన్ని వెంటనే, కొన్ని మర్నాడు. మొదట మనసులో గుబులుగా ఉంటుందట. తర్వాత చెమట. తర్వాత కడుపులో గుడగుడ."

రాజు కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ చెయ్యి ఎటు పోయిందో కొలువంతా చూసింది, చూడనట్టు తల దించుకుంది.

"మరి నువ్వు రుచి చూడవచ్చు కదా" అన్నాడు రాజు. "ఇప్పుడైనా చూడు. అది నీ ఉద్యోగం కాదూ?"

"అదీ నిజమే" అని సోమన్న తివాచీ నూలులో ఇరుక్కున్న మెతుకొకటి గోటితో తీశాడు. నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తెరవలేదు. రాజు సింహాసనం అంచుకు జరిగాడు.

"ఉప్పు ఉంది" అన్నాడు సోమన్న. "చింతపండు ఉంది. ఇంగువ దండిగా పడింది. ఇంకేదో ఉంది ప్రభూ. నిమ్మరసమూ చౌడూ కలిసిపోయి నాలుకకు అందడం లేదు. అదేమిటో తెలిస్తే గానీ విషమో కాదో చెప్పలేను."

"చేదు" అన్నాడు రాజు. "చివర్లో గొంతు దగ్గర కొంచెం చేదు తగులుతుంది. అదేనా, సోమన్నా? అది విషమేనా?"

మంత్రి పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నట్టు తలెత్తి నిలబడ్డాడు. తను ఏమన్నాడో రాజుకు నెమ్మదిగా తెలిసొచ్చింది.

సోమన్న ఏమీ ఎరగనట్టు కళ్ళు తెరిచాడు. "చేదైతే భయం లేదు ప్రభూ. పోపులో మెంతులు మాడి ఉంటాయి. ఈమధ్య రాజమాతగారికి చూపు ఆనడం లేదు, పోపు మాత్రం తనే వేస్తానంటారు. తిన్నవాళ్ళు నిండు నూరేళ్ళూ బతుకుతారు."

రాజు పెద్దగా నిట్టూర్చాడు. ఆ ఊపిరితో పాటే నవ్వు కూడా బయటికొచ్చింది. మొదట ఆపుకోబోయాడు. ఆగలేదు. కిరీటం పక్కకు ఒరిగేదాకా నవ్వాడు. ఆ కొలువులో ఆయన నవ్వగా చూసినవాళ్ళు అప్పటిదాకా లేరు.

"నేనే తిన్నాను" అన్నాడు. "మధ్యాహ్నం ఆకలికి కళ్ళు తిరిగాయి. అమ్మ దగ్గర దొన్నెడు పులిహోర ఉత్తరీయం కింద పెట్టుకుని వచ్చాను. ఎక్కడ తిందామన్నా నేను పెట్టిన వేగులే. వేగులు లేని చోటు ఈ సింహాసనం వెనక ఒక్కటే మిగిలింది. గబగబా తింటుంటే దొన్నె జారింది. ఈ పొద్దున వచ్చి చూస్తే పచ్చగా ఉండాల్సింది ఎర్రగా కనబడింది. నిజంగానే చేతబడి అనుకున్నాను. అది సరే, నేనని నీకెలా తెలిసింది?"

"పొద్దున పారణకు అందరూ విస్తళ్ళ మీద పడ్డారు ప్రభూ. తమరు రెండు ముద్దలు తిని లేచారు. ఉపవాసమున్న మనిషి అలా లేవడు."

రాజు మళ్ళీ నవ్వాడు. వేలికున్న కెంపుటుంగరం తీసి సోమన్న చేతిలో పెట్టాడు. "ఇది నీ నాలుకకు. ఇంకేం కావాలో కోరుకో. నాంచారమ్మా, నీ మీద ఏ నేరమూ లేదు. ఇంటికి వెళ్ళు."

నాంచారమ్మ లేచింది గానీ కదల్లేదు. "ఏలినవారి దయ. ఇంటికైతే పోతాను. మా వీధిలో ఎవరూ తలుపు తీయరయ్యా. బిడ్డకు నొప్పులొస్తే మంత్రసాని రానంది. కాదు కాదని గడపగడపకీ తిరిగి నేనేం చెప్పుకోను?"

"మంత్రసానిని రమ్మని ఆజ్ఞ ఇస్తాను."

"ఆజ్ఞకు వస్తుంది ప్రభూ" అన్నాడు సోమన్న. "భయపడుతూ వస్తుంది. వణికే చేతుల్లోకి బిడ్డను ఎవరు ఇస్తారు? ఇంకేం కావాలో కోరుకోమన్నారు కదా. ఆ పులిహోర తిన్నది ఎవరో దండోరా వేయించండి."

రాజు నవ్వు టక్కున ఆగింది. "రాజుగారి పరువు" అని మంత్రి ఏదో అనబోయాడు.

"నిజమే, పరువు చూసుకోవాలి" అన్నాడు సోమన్న. "దండోరా వద్దంటే శాసనం ప్రకారం గాడిద ఉంది. ఇందాక తెప్పించమన్నారు. బయట కట్టేసే ఉంది."

రాజు కిటికీలోంచి చూశాడు. గాడిద నిజంగానే ఉంది, ఓపిగ్గా గడ్డి మేస్తోంది. ఈసారి వచ్చిన నవ్వుకు ఆయన సింహాసనం చేతులు పట్టుకోవాల్సి వచ్చింది.

"దండోరా వేయించండి" అన్నాడు.

తివాచీ సంగతి చెప్పలేదు కదూ. నాంచారమ్మ మరక మీద శనగపిండి చల్లి జిడ్డు పీల్పించి, చన్నీళ్ళతో తడిపి ఒత్తి, మేడ మీద ఎండలో పరిచింది. పసుపుకు ఎండ పడదు. కొన్నాళ్ళకు అక్కడ మరక ఉండేదంటే నమ్మలేనట్టు అయింది.

దండోరా మాత్రం ఆ సాయంత్రమే ఊరంతా తిరిగింది. ఏకాదశి నాడు పులిహోర తిన్నది మహారాజుగారేననీ, నాంచారమ్మ ఏ పాపమూ ఎరగదనీ తప్పెట కొట్టి మరీ చెప్పారు. తప్పెట వీధి మలుపు తిరిగిందో లేదో మంత్రసాని సంచి చంకన పెట్టుకుని వచ్చి గడపలో నిలబడింది.

"మధ్యాహ్నం రానన్నావు కదమ్మా" అంది నాంచారమ్మ.

"అప్పుడు రాజుగారి మాట నిజమనుకున్నానే" అంది మంత్రసాని. "జరుగు, లోపలికి రానీ. ముందు నీళ్ళు కాచు."