ఒక మనిషి కొలత

ఉసేనప్ప మోకాళ్లు కొండ ఎక్కనంటున్నాయి.

కొండమీద దర్గా ఉంది. కొండ కింద చావిడిలో గఫ్ఫార్ షా బాబా, ఆయన శిష్యులు ఉంటారు. ఏటా ఉరుసునాడు గంధం గిన్నె నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి, దర్గాకి చేర్చేది ఉసేనప్పే. భార్య పోయాక బాబా దగ్గరికి వచ్చి ఉండిపోయినవాడు అతను. తనదని చెప్పుకోవడానికి ఆ గిన్నె మోసే పని ఒక్కటే మిగిలింది. పోయిన ఏడు సగం మెట్లలో ఆయాసంతో కూర్చుండిపోతే, గిన్నె వేరేవాళ్లు అందుకున్నారు.

హకీం నాడి చూశాడు. "ఒళ్లు తగ్గితే మోకాళ్లు నీ మాట వింటాయి. ఉరుసుకి ఇంకా టైముంది. పళ్లెంలో సగం ఆకుకూర ఉండాలి. మిగతా సగంలో ఒక జొన్నరొట్టె, కాస్త పప్పు. పొద్దున అంబలి, సాయంత్రం ఉడికించిన పెసలు. బెల్లం, నెయ్యి ముట్టకు. వారం వారం బరువు చూసుకో" అన్నాడు.

ఆ ఊళ్లో మనిషి ఎక్కేటంత కాటా వేరుశెనక్కాయల మండీలోనే ఉంది. "బస్తా దించండ్రా, పెద్ద బస్తా వచ్చింది" అని హమాలీలు నవ్వేవారు. ఉసేనప్ప నవ్వకుండా ఎక్కి, నవ్వకుండా దిగేవాడు.

ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి. బాబా దగ్గర ఎవరి పళ్లెం వారికి ఉండదు. నేలమీద గుడ్డ పరిచి, నలుగురికి కలిపి ఒక పెద్ద పళ్లెం పెడతారు. ఎవరి ముందున్నది వాళ్లు తినాలి. పక్కవాడి వైపు చెయ్యి చాచకూడదు. ఉసేనప్ప కూర్చునేది బాబా పళ్లెం దగ్గరే, ఆయనకు ఎదురుగా.

నలుగురి పళ్లెంలో తన కొలత ఎలా తెలుస్తుంది? అందుకని ఉసేనప్ప వెనక గదిలో వేరే పొయ్యి పెట్టుకున్నాడు. లేస్తూనే మధ్యాహ్నానికి చుక్కకూరా, తోటకూరా అని ఆలోచన. మధ్యాహ్నం రొట్టె నములుతూ సాయంత్రం పెసల గురించి ఆలోచన. వంక పెట్టడానికి లేదు. హకీం వచ్చి చూసినా మెచ్చుకునేవాడే.

తినేటప్పుడు మాత్రం గోడ అవతలనుంచి మాటలు వినబడేవి. ఖలందర్ అనే శిష్యుడు ఏదో అంటాడు, అందరూ నవ్వుతారు. ఏమన్నాడో గోడ ఇవతలికి తెలియదు. ఉసేనప్ప రొట్టె గబగబా అయిపోయేది. ఖాళీ పళ్లెం ముందు పెట్టుకుని, ఆ నవ్వు ఆగేదాకా అలాగే కూర్చునేవాడు.

ఆ తర్వాత చెయ్యి మలీదా డబ్బా మీదికి వెళ్లేది. మలీదా అంటే రొట్టె నలిపి బెల్లం, నెయ్యి కలిపి చేసేది. భక్తులు తెచ్చి ఫాతెహా ప్రార్థన చదివించి పంచగా మిగిలింది ఆ గదిలోనే దాచేవారు. చదివించాక అది ప్రసాదం. ప్రసాదం తిండి కింద లెక్కకు రాదని ఉసేనప్ప నమ్మకం.

మండీ కాటాకి ఆ నమ్మకం లేదు. ముల్లు పైకే పోయింది.

ఉసేనప్ప వచ్చి బాబా కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నెయ్యి తీసేశాను బాబా. అన్నం తీసేశాను. మాంసం తీసేశాను. ఇంకేం తీసెయ్యాలో మీరే చెప్పండి. ఈ ఏడు కూడా గిన్నె నా నెత్తిమీదినుంచి దించేస్తే, నేనిక్కడ ఎందుకున్నట్టు?"

బాబా అతని మొహంలోకి చూశారు. "మలీదా?"

"అది... చదివించింది కదా బాబా."

"ఊఁ" అన్నారు బాబా. అంతే.

మర్నాడు మధ్యాహ్నం ఉసేనప్ప పళ్లెంలో రొట్టె, ఆకుకూర, పప్పు సర్దుకుంటుంటే గుమ్మంలో నీడ పడింది. బాబా లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, పళ్లేనికి అవతల కూర్చున్నారు.

ఉసేనప్ప కంగారుపడ్డాడు. "బాబా, ఇది ఒక మనిషి కొలత!"

"నేనూ ఒక మనిషినే కదప్పా."

"ఆగండి, ఇంకో రొట్టె తట్టేస్తాను."

"ఆకలేస్తోంది. కూర్చో."

బాబా రొట్టెను మధ్యకి విరిచారు. ఉసేనప్ప తన వైపునుంచి చిన్న ముక్క తుంచాడు. ఆయనకి చాలదేమోనని ఈసారి ఇంకా చిన్నది తుంచాడు. వేలితో పప్పు అవతలికి జరిపాడు. బాబా ఇవతలికి జరిపారు.

కాసేపటికి ఉసేనప్ప నెమ్మదిగా అడిగాడు. "నిన్న అంతలా ఎందుకు నవ్వారు బాబా అందరూ?"

"నీ గురించే. ఉసేనప్ప వాటా రోజూ పిల్లి తింటోంది, ఈసారి గంధం గిన్నె దాని నెత్తినే పెడదాం అన్నాడు ఖలందర్."

"నా వాటా ఏమిటి? నేను రావడమే లేదుగా."

"నీ వైపుది మరి ఎవరు తింటారు? రోజూ అలాగే ఉంటోంది."

ఉసేనప్ప ముందు నవ్వాడు. పిల్లి నెత్తిన గిన్నె తలుచుకుని ఇంకా నవ్వాడు. తర్వాత తల వంచుకుని ఆకుకూర కలపసాగాడు.

చివరికి పళ్లెం నడుమ ఒక రొట్టె ముక్క మిగిలింది. ఇద్దరిలో ఎవరూ దానివైపు చెయ్యి చాచలేదు.

"తినప్పా."

"మీరు తినండి బాబా."

"నాకు నిండింది. నీకు?"

ఉసేనప్ప ఆలోచించి చూసుకున్నాడు. నిండింది. మలీదా డబ్బా పక్కనే ఉంది, మూత మూసినట్టే ఉంది.

బాబా చెయ్యి కడుక్కుని లేచారు.

"రేపు కూడా వస్తారా బాబా?"

"నీ రొట్టె పట్టుకుని నువ్వే రా. నీ చోటు అక్కడుంది."

"నలుగురిలోకి ఒక్క రొట్టె ఏం తెస్తాను? నాలుగు చేస్తాను."

గుమ్మం దగ్గర కాలితో చెప్పులు వెతుక్కుంటున్న బాబా వెనక్కి తిరగలేదు.

"ఒకటే చెయ్యి" అన్నారు. "కొండ ఎక్కాల్సినవాడివి."