మేకుల పలక

పూర్వం శంఖవరాన్ని రాజులు ఏలే కాలంలో వీరకంఠుడనే దండనాయకుడు ఉండేవాడు. అతని భార్య కువలయ వెన్నెల లాంటి మనిషి. వీధి చివర నేతగాడు చెంగయ్య మగ్గం ముందు పాడుతుంటే, ఆమె పని మరిచి వింటూ ఉండిపోయేది. ఆ ఇద్దరూ ఏనాడూ మాట్లాడుకున్నది లేదు. అయినా వీరకంఠుడి గుండెల్లో కుంపటి రాజుకుంది. నిద్రలో కూడా అతనికి ఆ పాటే వినిపించేది.

ఆస్థాన పండితుడి దగ్గర మేకుల పలక ఒకటుంది. మేకుకో మనిషి, పరిచయానికో దారం. "ఇద్దరూ ఎరిగినవాళ్లు ఎంత ఎక్కువమంది ఉంటే, ఆ ఇద్దరూ దగ్గరయ్యే అవకాశం అంత ఎక్కువ," అనేవాడాయన. వీరకంఠుడు పట్టుబట్టి లెక్క కట్టిస్తే, కువలయకూ చెంగయ్యకూ అలాంటివాళ్లు ఆరుగురు తేలారు.

"చూశారా ప్రభూ! రేపు జరగబోయేది ఇవాళే తెలిసిపోయింది. వీణ్ణి దేశం దాటించండి," అన్నాడు వీరకంఠుడు సభలో, పళ్లు నూరుతూ.

చెంగయ్య చేతులు కట్టుకున్నాడు. "పండితులవారూ, కొన్ని దారాలు తక్కువయ్యాయండి. నెల రోజులుగా దొరగారు నా గురించి ఆరా తీస్తూ నా చుట్టాల్నీ స్నేహితుల్నీ, ఆఖరికి నాకు నూలు అమ్మే అవ్వనీ పరిచయం చేసుకున్నారు. అవీ కట్టండి."

పండితుడు కట్టాడు. వీరకంఠుడూ చెంగయ్యా ఇద్దరూ ఎరిగినవాళ్ల లెక్క నలభై దాటింది.

"అంటే నాకు ప్రాణస్నేహితుడు కాబోయేది తమరేనండి! స్నేహితుణ్ణి ఎవరైనా వెళ్లగొడతారా దొరా?"

"వీడితో నాకు స్నేహమా! ఆ పలక శుద్ధ అబద్ధం ప్రభూ!" అని అరిచాడు వీరకంఠుడు.

రాజు నవ్వాపుకుంటూ అన్నాడు: "అయితే ఇంటికి వెళ్లు చెంగయ్యా. నీ మీద ఉన్న సాక్ష్యం అదొక్కటే."