తువ్వాలు వేసిన చోటు

ఆ వారం మద్దిలేటికి తల పనిచేయడం మానేసింది.

అతని వ్యాపారం పేర్లు. మనుషుల పేర్లు కాదు, వెబ్‌సైట్ల పేర్లు. ఇంటర్నెట్‌లో ఒక పేరును ఎవరు ముందు రాయించుకుంటే అది వాళ్లది. ఏటా రుసుము కడుతున్నంత కాలం ఇంకెవరూ దాని జోలికి రాలేరు. రేపు ఎవరికి ఏ పేరు కావలసి వస్తుందో ఇవాళే పసిగట్టి, దాన్ని రాయించి పెట్టుకుని, ఆ మనిషి వచ్చి బతిమాలేదాకా కాచుకుని ఉండటమే మద్దిలేటి పని. దీన్ని అతను పెట్టుబడి అంటాడు. అతని భార్య సుంకులమ్మ ఏమంటుందో ఇక్కడ రాస్తే బాగుండదు.

డోన్‌లో ఒక సెల్‌ఫోన్ల అంగడి మీది గదిలో కూర్చుని అతను మూడు వందల పైచిలుకు పేర్లు కూడబెట్టాడు. బిర్యానీ మీద కొన్ని, బోరుబావుల మీద కొన్ని, పెళ్లి ఫొటోల మీద కొన్ని, ఇంకా పునాది కూడా పడని విమానాశ్రయం మీద రెండు. అన్నీ హాయిగా నిద్రపోతున్నాయి. ఒక్కటి మాత్రం లేచి నడుస్తోంది. దాని పేరు 'మెత్తని అడుగు'.

ఆ పేరు అతనికి దొరికిన తీరు మామూలుదే. ఎవరో రుసుము కట్టడం మరిచిపోయారు. గడువు దాటింది. పేరు బయటికి వచ్చిన పొద్దునే మద్దిలేటి టక్కున పట్టుకున్నాడు. అది ఎవరిదో చూడలేదు. అలా చూసే అలవాటు ఆ వ్యాపారంలో లేదు. పేరు తెరిస్తే పైన 'ఈ పేరు అమ్మకానికి ఉంది' అని కనబడేట్టు పెట్టాడు, కింద చెప్పుల కంపెనీల ప్రకటనలు పేర్చాడు. షుగరు, పాదం పుండు, మెత్తని చెప్పులు అంటూ పేజీలో మాటలు ఎక్కడెక్కడ పొదగాలో అక్కడ పొదిగి, మార్చి మార్చి, ఎవరు వెతికినా తన పేజీయే మొదట వచ్చేట్టు చేశాడు. రోజుకు వందలమంది రావడం మొదలుపెట్టారు. తన పిల్లవాడు బడిలో మొదటివాడిగా వచ్చినట్టు పొంగిపోయాడు.

అప్పుడు ఆదోని నుంచి నాగరత్నమ్మ ఫోన్ చేసింది.

ఆమె షుగరుతో పాదాలు మొద్దుబారిన వాళ్లకు, పుండ్లు పడ్డవాళ్లకు కొలత తీసుకుని చెప్పులు కుట్టిస్తుంది. ఐదారుగురు ఆడవాళ్లు ఆమె దగ్గర పనిచేస్తారు. ఆ వెబ్‌సైటు ఆమెదే. దాన్ని తయారుచేసి ఇచ్చినతను పూణేలో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. రుసుము కట్టమని హెచ్చరికలన్నీ అతనికే వెళ్లాయి, అతను చూడలేదు. పేరుకు ఏటా రుసుము కట్టాలన్న సంగతే ఆమెకు తెలియదు.

"నేను అంగడి మూసేసినానంట నాయనా," అంది. "జనం ఒగరికొగరు చెప్పుకుంటాండారు. ఆ పేరు నాకిస్తావా?"

మద్దిలేటి ధర చెప్పాడు. 

"నా మిషన్లన్నీ అమ్మినా అంత రాదు నాయనా," అని ఫోన్ పెట్టేసింది.

తరువాత కూడా అప్పుడప్పుడూ చేస్తూనే ఉంది. ఒక్కసారీ తిట్టలేదు. అదే వచ్చిన చిక్కు. తిట్టి ఉంటే మద్దిలేటి దగ్గర సమాధానాలు బోలెడున్నాయి. చట్టం అతని వైపే ఉంది.

ఇంతలో బెంగళూరు చెప్పుల కంపెనీ ఒకటి అదే పేరు అడిగింది. గీచిగీచి బేరమైనా ఆడకుండా మద్దిలేటి చెప్పిన ధరకు సరేనంది. శుక్రవారంలోగా జవాబు చెప్పమంది. మిగతా పేర్లన్నింటికీ రుసుము కట్టవలసిన గడువు కూడా నెత్తి మీదికి వచ్చింది. ఈ ఒక్కటి అమ్మితే అవన్నీ నిలుస్తాయి. అమ్మకపోతే చాలావాటిని వదులుకోవాలి. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. అయినా జవాబు రాయబోతే చెయ్యి ఆడదు. తాను తప్పు చేయలేదన్నది నిజం, చెయ్యి ఆడటంలేదన్నదీ నిజం. ఈ రెంటికీ పొత్తు కుదరక అతనికి పిచ్చెక్కినట్టయింది.

గురువారం పొద్దునే బస్సెక్కి హుస్సేనప్ప తాత దగ్గరికి వెళ్లాడు.

గుత్తి దారిలో రైల్వే గేటు దాటాక చిన్న దర్గా ఒకటి ఉంది. తాత దాన్ని చూసుకుంటూ అక్కడే ఉంటాడు. ప్రతి గురువారం మధ్యాహ్నం, వచ్చినవాళ్లకు వచ్చినంతమందికి అక్కడ బువ్వ పెడతారు. సాయిబులూ వస్తారు, రెడ్లూ వస్తారు, గేటు పడి ఆగిన లారీవాళ్లూ వస్తారు. మద్దిలేటి కాలేజీ రోజుల నుంచీ తాతను గురువు అనుకుంటున్నాడు. తాత అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

తాత వసారాలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటూ జపం చేసుకుంటున్నాడు. మద్దిలేటి ఎదురుగా కూర్చుని, ఫోన్‌లో చూపిస్తూ తన వ్యాపారమంతా విడమరిచి చెప్పాడు.

"అంటే పేరుండాది, మనిషి లేడు," అన్నాడు తాత.

"వస్తాడు తాతా."

"ఎప్పుడు?"

"అది తెలిస్తే ఇంగేం కావాల!"

తాత తలూపాడు. అది మెచ్చుకోవడమో ఏమో మద్దిలేటికి తేలలేదు.

"నాకు తిక్కతిక్కగుండాది తాతా. యావి పెట్టుకోవాల, యావి ఇడిసిపెట్టాల? నువ్వే చెప్పల్ల," అన్నాడు. నాగరత్నమ్మ సంగతి చివర్లో, గొంతు తగ్గించి, అదేమంత పెద్ద విషయం కానట్టు చెప్పాడు. బెంగళూరు కంపెనీ సంగతి కూడా అందులోనే కలిపేశాడు.

తాత తస్బీ పక్కన పెట్టాడు.

"లోపల రేకుపెట్టెలో టవాళ్లుండాయి. అన్నీ ఎత్తుకోని రా," అన్నాడు.

తాతను చూడవచ్చినవాళ్లు ఆయన భుజం మీద తువ్వాలు కప్పి వెళుతుంటారు. పెట్టె నిండా అవే. మద్దిలేటి రెండు చేతులా మోసుకొచ్చాడు.

"రేకులషెడ్డులో చాపలు పరిచినారు. కూర్చునే ప్రతి చోటా ఒగ టవాల ఎయ్."

తువ్వాలు వేయడమంటే ఏమిటో మన వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరినవాడిదే సీటు. వాడు చివరగా ఎక్కినా సరే, దర్జాగా వచ్చి కూర్చుంటాడు. ఆ చట్టాన్ని ఏ కోర్టూ రాయలేదు గానీ దాన్ని కాదన్నవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. తాత దగ్గరా అంతే. ముందు వచ్చినవాళ్లు చాప మీద తువ్వాలు పడేసి కాళ్లు కడుక్కోవడానికి వెళతారు. తువ్వాలున్న చోట మనిషి ఉన్నట్టే లెక్క.

"వంటసాలకు దగ్గరుండే చోట్లు మంచివి గదా తాతా. వాటి మీదేనా?" అని అడిగాడు మద్దిలేటి.

"అన్నిటి మీదా ఎయ్."

మద్దిలేటికి గుండెల మీది బండ దిగినట్టయింది. ఒక్కటీ వదలొద్దని తాత చెప్పకనే చెబుతున్నాడు! వరుస తరువాత వరుస వేసుకుంటూ పోయాడు. కొంగులు సరిచేశాడు. ముడతలు తీశాడు. షెడ్డంతా నిండాక వెనక్కి జరిగి చూసుకుంటే కంటికి ఎంతో నిండుగా కనబడింది.

మధ్యాహ్నమైంది. జనం రావడం మొదలైంది. చాపల దాకా వచ్చి, తువ్వాళ్లు చూసి, మర్యాదగా గోడవారకు జరిగి నిలబడ్డారు.

"ఎవురివప్పా ఇవి?" అని ఒకతను అడిగాడు.

"తాత ఎయ్యమన్నాడు," అన్నాడు మద్దిలేటి.

తాత వేయించాడంటే ఎవరో పెద్దవాళ్లే వస్తున్నారు కాబోలు అనుకున్నారు. ఇంకా కొంతమంది వచ్చారు. గోడవార చోటు చాలక ఎండలో నిలబడ్డారు. లోపల బగారన్నం, దాల్చా సిద్ధమై చాలాసేపయింది. వాసన బయటికి వస్తోంది. ఎవరూ కూర్చోరు. లారీ డ్రైవర్లు ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు. మద్దిలేటి రోడ్డు వైపు చూశాడు. ఇందులో తనకు అర్థంకానిది ఏదో ఉంది. వచ్చే పెద్దమనుషులెవరో రారే!

తాత వసారాలోంచి పిలిచాడు.

"ఎంతమంది వచ్చినారు మద్దిలేటీ?"

"చానామంది తాతా. షెడ్డు బయట గూడా నిలబడినారు."

"బాగుండాదే. నీ టవాళ్లకు మంచి గిరాకీ ఉండాది."

మద్దిలేటి అలవాటు కొద్దీ నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"వాళ్లు టవాళ్ల కోసరం రాలేదు తాతా. బువ్వ కోసరం వచ్చినారు."

"అట్లనా," అన్నాడు తాత. మళ్లీ తస్బీ తిప్పుకోసాగాడు.

వంట చేసే ఖాసింబీ గరిటె చేతపట్టుకుని దూసుకొచ్చింది. ఆమెకు తాత అన్నా లెక్కలేదు, మద్దిలేటి ఎంత?

"గేటు కాడ ఈపొద్దు బువ్వ లేదని చెప్పుకుంటా తిరిగి పోతాండారంట! ఎవురు చెప్పినారు లేదని? తెల్లారింది మొదులు పొయ్యి కాడ చచ్చినాను, నేను వండింది ఎవురికి?"

మద్దిలేటి ఆమె మొహం చూడలేకపోయాడు. సిగ్గు ముంచుకొచ్చింది. ఎవరూ ఏమీ అనకుండానే వంగి మొదటి తువ్వాలు తీశాడు. తరువాత రెండోది. తరువాత రెండు చేతులా లాగేస్తూ, "కూకోండి, కూకోండప్పా" అని అరుస్తూ వరుసలన్నీ తిరిగాడు. ఆ గుడ్డలు చంకలో పెట్టుకునే రోడ్డు మీదికి పరుగెత్తాడు. గేటు దగ్గర నడిచిపోతున్నవాళ్లను వెనక్కి పిలిచాడు. బువ్వ ఉండాది రాండి అన్నాడు. కొందరు వచ్చారు. లారీ మాత్రం దొరకలేదు. అది ఎప్పుడో గేటు దాటిపోయింది.

అతను తిరిగి వచ్చేసరికి షెడ్డు నిండింది. విస్తళ్ల చప్పుడు, ఖాసింబీ కేకలు. అందరూ తింటున్నారు. ఒక్క చోటు మాత్రం ఖాళీగా ఉంది. స్తంభం పక్కన తాత ఎప్పుడూ కూర్చునే చోటు. అక్కడి తువ్వాలును మద్దిలేటి కావాలనే తీయలేదు. ఎంత తొందరలో ఉన్నా గురువు చోటు గురువుకు ఉంచాలన్న జ్ఞానం అతనికి ఉంది.

రోడ్డు మీది నుంచి అతని వెంట వచ్చిన ముసలామె ఒకతె షెడ్డు గుమ్మంలో నిలబడి, ఎక్కడ కూర్చోవాలో తెలియక అటూ ఇటూ చూస్తోంది. తాత కూడా లేచి వచ్చి ఆమె పక్కనే నిలబడ్డాడు.

"ఆ స్తంబం కాడ ఎవురుండారు?" అని అడిగాడు.

"అది నీకే తాతా. నీకోసరమే పెట్టినాను."

తాత మద్దిలేటిని వింతగా చూశాడు.

"నేనీడ నిలబడినాను గదరా."

  మద్దిలేటి స్తంభం దగ్గరికి వెళ్లి తువ్వాలు తీశాడు. ముసలామె వచ్చి కూర్చుంది. తాత నిలబడే ఒక విస్తరి అందుకుని, గోడకు ఆనుకుని తినసాగాడు.

మద్దిలేటి తినలేదు. షెడ్డు వెనక్కి, నీళ్ల కొళాయి దగ్గరికి వెళ్లాడు. బెంగళూరు వాళ్ల ఫోన్ రెండుసార్లు మోగింది. మోగనిచ్చాడు. అది ఆగాక ఆదోనికి చేశాడు.

"అమ్మా, నేను మద్దిలేటిని. మీ పేరు మీకు ఇచ్చేస్తానమ్మా."

అవతల మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఎంతకు నాయనా?" అంది నాగరత్నమ్మ, భయం భయంగా.

మద్దిలేటి కిందికి చూశాడు.  చంకలో తువ్వాళ్ల మూట అలాగే ఉంది.

"దుడ్లేమీ వద్దమ్మా. ఆడ నేను లేను," అన్నాడు. "ఉట్టి టవాల ఏసి పెట్టినాను, అంతే."

"ఏం టవాల నాయనా?" అంది ఆమె.