బొల్లికోడె మోకాలు, నక్క తుమ్మబంక

గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఒక పశువుల మంద ఉండేది. వాటిని కట్టేసేవాడూ లేడు, తోలేవాడూ లేడు. అయినా మనుషుల పిచ్చి మాత్రం వాటిని వదల్లేదు. ఊళ్ళో బండలాగుడు పందేలు చూసి చూసి, అవి కూడా ఏటా ఎండాకాలం ఏటి ఇసుకలో పందెం పెట్టుకునేవి. పోటీ ఏటవతలి మందతో. గెలిచినవాళ్ళకు ఏటి నడుమ లంకలో పచ్చగడ్డి, ఓడినవాళ్ళకు ఎండుచొప్ప.

పందెంలో వయసు తేల్చేది పళ్ళను బట్టి. పాలపళ్ళు ఉన్నన్నాళ్ళు బండ జోలికి పంపరు. ముందు రెండూ ఊడాయంటే మాత్రం మెడకు మోకు కట్టాల్సిందే. నోరు తెరిపించి చూస్తారు, అంతే. మోకాళ్ళ వంక చూసే నాథుడు లేడు. మోసేది నోరు కాదు కదా అని అడిగినవాడూ లేడు.

ఆ మందలో బొల్లికోడె అని ఒకటి ఉంది. ముఖం మీద తెల్లమచ్చ. వయసు చూస్తే ఏడాదిన్నర, ఒళ్ళు చూస్తే మూడేళ్ళు. ఆ ఒళ్ళు మీద కన్నేసింది నక్క.

పశువుల మందలో నక్కకేం పని అంటారా? అది వాళ్ళ కీళ్ళ వైద్యుడు. తుమ్మబంక ఉడికించి పట్టువేస్తుంది. వైద్యుడన్న పేరు పడితే చాలు, ఎవరూ వాడి పళ్ళు లెక్కపెట్టరు. ఆ నక్క బొల్లికోడెకు తాటిటెంక ఒకటి తెచ్చి ఇచ్చి, "కొరుకు అల్లుడూ, పళ్ళు గట్టిపడతాయి" అంది. పాపం, కోడె నమ్మి కొరికింది. ముందు పాలపళ్ళు రెండూ ఊడి ఇసుకలో పడ్డాయి. మర్నాడే నక్క మందపెద్ద దున్నపోతు దగ్గరికి పరుగెత్తి, "మామా, మన బొల్లోడికి పాలపళ్ళు పోయినాయి. ఈ ఏడు లంక మనదే!" అని చెప్పేసింది.

దాని లెక్క దానికుంది. కుంటుపడ్డ కోడె ఎప్పుడూ మంద వెనకాలే నడుస్తుంది. వెనకబడ్డదాని మాంసం నక్కదే.

పందెం ముందురోజు పొద్దున మందంతా ఇసుకలో చేరింది. దున్నపోతు మోకు తెచ్చి కోడె ముందు పడేసింది.

"వంచరా మెడ."

"వంచను మామా."

మందలో గుసగుసలు మొదలయ్యాయి. మేక గడ్డం నిక్కబొడుచుకుంది. దున్నపోతు మాటకు ఎదురు చెప్పిన పశువు అంతవరకు లేదు.

"ఏందిరా నువ్వనేది?"

"నా మోకాళ్ళు ఒప్పుకోవు. మొన్న నక్కమామ సరదాకంటా నాచేత చిన్న దుంగ లాగించినాడు. రాత్రంతా మోకాలు సలుపు. ఒళ్ళే పెరిగింది మామా, కీళ్ళు ఇంకా పెరగలా."

నక్క పకపకా నవ్వింది. "పన్ను ఊడితే పెద్దోడే. మోకాలికీ పంటికీ తేడా ఏముంది? అన్నీ ఎముకలేగా!"

అప్పుడు ముసలి మైలెద్దు ముందుకొచ్చింది. ఒక్కో అడుగుకూ దాని మోకాళ్ళు టక్కుమంటున్నాయి.

"ఎముక వేరు, ఎముక చివరుండే గుజ్జు వేరు" అంది. "పుట్టినప్పుడు ఆ గుజ్జు లేత ముంజెలాగుంటది. మందంగా, మెత్తగా. దాంట్లో నెత్తురు కూడా పారతది. నడిచి, గట్టెక్కి, దిగి, ఎగిరి, మన బరువు మనం మోసుకుంటా ఉంటే ఏడాదికేడాది అది పలచబడతా గట్టిపడతది. గట్టిపడినాకనే బండ మొయ్యగలదు. కాకపోతే అప్పటికి నెత్తురు వెనక్కిపోద్ది. ఆనాక దెబ్బ తగిలితే మానదు."

"ఆగాగు మైల తాతా" అని నక్క పట్టుకుంది. "లేతదాంట్లో నెత్తురుందంటివి. అంటే దెబ్బ తగిలినా మానుద్ది గదా? ఇంకేం భయం మీ వాడికి?"

"గీత పడితే మానుద్దేమో. వేలితో నొక్కిన ముంజె మళ్ళీ గుండ్రంగా అవుద్దా? ఆ సొట్టతోనే ముదురుద్ది. నన్ను చూడు. అప్పట్లో పళ్ళు కూడా చూడలా, నా ఒళ్ళు చూసి మురిసి పాలపళ్ళప్పుడే బండ కట్టినారు. గెలిచినా. డప్పులు కొట్టినారు. ఆ డప్పులు కొట్టినోళ్ళు ఒక్కరూ లేరు ఈపొద్దు. సొట్ట మాత్రం నాతోనే ఉంది."

ఆ మాట అంటున్నప్పుడు ముసలెద్దు గొంతులో ఉన్నది బాధ కాదు, పచ్చి కోపం. పదిహేనేళ్ళుగా మింగి పెట్టుకున్న కోపం.

దున్నపోతు ఇబ్బందిగా తోక ఊపింది. "సరేలే తాతా, నీ రోజులు వేరు. ఒరే బొల్లీ, లంకగడ్డి సంగతి ఆలోచించు. చిన్నవాడివి, పెద్దోళ్ళు చెప్పినట్టు విను."

"బండ కట్టేటప్పుడు పెద్దోణ్ణి, మాట్లాడితే చిన్నోణ్ణా మామా?"

మేక కిసుక్కున నవ్వి, దున్నపోతు చూపు తగలగానే దగ్గింది.

"నీకు మెదడు మోకాల్లో ఉందిరా!" అని దున్నపోతు రంకె వేసింది.

"అక్కడే ఉంది. అందుకే కాపాడుకుంటన్నా."

"బండ లాగనోడికి మందలో చోటు లేదు. కంచె బయటికి పో!"

రాత్రిళ్ళు మంద పడుకునేది ముళ్ళకంచె లోపల. దాని బయట పడుకోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు. నక్క పెదాలు నాక్కుంది. అబద్ధమెందుకు, కోడె భయపడింది. భయపడుతూనే నిలబడింది.

"పోతా. కుంటోణ్ణై లోపల పడుండేదానికంటే కాళ్ళున్నోణ్ణై బయటుంటా. పందెం ఓడితే గడ్డి మళ్ళీ మొలుస్తది మామా. గుజ్జు మొలవదు."

ఈ మాటకు మంద కాస్త మెత్తబడింది. అది చూసి నక్కకు కంగారు పుట్టింది. చేతికొచ్చిన కూడు జారిపోయేట్టుంది. తొందరపడి నోరు జారింది.

"ఎందుకు మొలవదు? నేనుండి ఏం లాభం మరి? మోకాలి వెనక తుమ్మబంక పట్టించి, కాళ్ళు మడిచి రెండు ఘడియలు ఎండలో కూర్చోబెట్టినానంటే, అరిగిన గుజ్జు ఊటలా ఊరుద్ది!"

కోడె చెవులు నిక్కించింది. "అయితే ముందు మైల తాతకు పట్టించు."

"ముసలి కీళ్ళకు పట్టదు. పడుచోళ్ళకే."

"పోనీ నీకు పట్టించుకో. నీ మోకాళ్ళు కూడా టకటకమంటాయి గదా. నువ్వొస్తంటే గట్టవతలికి వినపడుద్ది. ఏం మామా, నువ్వూ ముసలోడివైపోతివా?"

"ఎవడ్రా ముసలోడు?" నక్క తోక కుచ్చులా పొంగింది. "నిన్నగాక మొన్న నాకు సంబంధాలొచ్చినాయి!"

"పడుచోడివైతే మందు పట్టుద్ది గదా. రెండు ఘడియల్లో నీ మోకాళ్ళ మోత ఆగితే, ఇదిగో మెడ. నేనే వంచుతా."

నక్క లెక్క వేసుకుంది. రెండు ఘడియల ఎండ ఎక్కడ, ఏడాదంతా తినే కోడె ఎక్కడ! మోత ఆగిందో లేదో తేల్చే వైద్యుడు తనేనాయె. కుండెడు బంక తెప్పించి మోకాళ్ళ వెనక దట్టంగా పూసుకుని, కాళ్ళు మడిచి వేడి ఇసుకలో గొంతుక్కూర్చుంది. "చూడండి వైద్యమంటే!" అని కళ్ళు మూసుకుంది.

రోహిణి ఎండలు, రోళ్ళు పగిలే ఎండలు. తుమ్మబంక ఎంతసేపట్లో ఎండాలో అంతసేపట్లో ఎండింది. తొడా పిక్కా ఒక్కటై అతుక్కున్నాయి.

"లే మామా, రెండు ఘడియలయింది" అంది కోడె.

నక్క లేవబోయింది. లేవలేదు. ముందుకు వంగింది, వెనక్కు దొర్లింది.

మైలెద్దు చెవి దగ్గర పెట్టి విని, "నిజమేరా, మోత ఆగింది" అంది. "కదిల్తే గదా మోగేదానికి!"

మందంతా ఒక్కసారి గొల్లుమంది. దున్నపోతు కూడా నవ్వాపుకోలేక తల పక్కకు తిప్పుకుంది. అప్పుడే జొన్నచేల వైపు నుంచి చేను కుక్కల అరుపులు వినిపించాయి. నక్క ఇసుకలో గిలగిలా కొట్టుకుంది.

"ఒరే ఒరే, నన్ను నీళ్ళలోకి లాగండ్రా! నీళ్ళు తగిల్తే బంక కరుగుద్ది! బొల్లీ, అల్లుడూ, నువ్వు లాగరా, నీ ఒంటికి నేనెంత బరువు!"

బొల్లికోడె నోరు బార్లా తెరిచి, ఊడిన పళ్ళ సందు పక్కన ఇంకా ఉన్న పాలపళ్ళు చూపించింది.

"నేనెట్టా లాగుతా మామా? పాలపళ్ళోణ్ణి. బరువులు లాగకూడదు."

నక్క కప్పలా గెంతుతూ, దొర్లుతూ, ఎట్లాగో ఏట్లో పడింది. బంకతోపాటు పిక్కల మీద బొచ్చంతా ఊడింది గానీ ప్రాణం మాత్రం దక్కింది. ఆ ఒడ్డున మళ్ళీ అది వైద్యం చేసింది లేదు.

దున్నపోతు ఇసుకలో పడున్న మోకు కాసేపు చూసి, కొమ్ముతో ఎత్తి అవతల పారేసింది. క్షమించమని అడగలేదు. పెద్దోళ్ళకు అదొక జబ్బు. "కంచె లోపలే పడుకోరా" అని మాత్రం గొణిగింది. మర్నాడు ముదురు ఎడ్లే బండ లాగాయి, రెండు బారల తేడాతో ఓడాయి. మందంతా ఆ వేసవి ఎండుచొప్పే నమిలింది. బొల్లికోడె కూడా నమిలింది, తల దించుకోకుండా నమిలింది.

నీతి: బరువెంతో తేల్చాల్సింది బండ కట్టేవాడు కాదు, మోసే మోకాలు.