పల్లకీ ఎక్కాకే కూలి

రేకులకోట ఏలే సోమదేవరాజుకు ఒకనాడు పొదుపు మీద మనసు పోయింది.

"కోట ఖర్చు తగ్గించే ఉపాయం చెప్పినవారిని పల్లకీలో సభకు రప్పించి శాలువా కప్పుతాను" అన్నాడు.

కోట లెక్కలు చూసే పేష్కారు చిదంబరయ్య అప్పటికే లేచి నిలబడ్డాడు. మెప్పు దొరికే చోట ఆయన కూర్చుని ఉండగా ఎవరూ చూడలేదు.

"ప్రభూ, పల్లకీ బోయీలకు పొద్దంతటికీ కూలి ఇస్తున్నాం. తమరు పల్లకీలో ఉండేది ఎంతసేపు? ఒక్క జాము. మిగతా పొద్దంతా వాళ్లు బోయపాలెం నుంచి రావడం, పోవడం, కట్లు బిగించడం, నూనె రాయడం. వాటికీ కూలేనా? భుజం మీద మనిషి ఉన్నంతసేపే పని. ఎక్కాక మొదలు, దిగగానే సరి."

రాజుకు ఆ లెక్క ముద్దొచ్చింది. అక్కడికక్కడే శాసనమైంది.

రాజు పక్కన తమలపాకుల పెట్టె పట్టుకుని నిలబడే గంగులుకు మాత్రం అది మింగుడుపడలేదు. చెమట ఎరగని మనిషి చెమటకు ధర కడితే ఇలాగే ఉంటుంది మరి.

సాయంత్రం బోయీల పెద్ద ఓబన్న వచ్చి అతని ముందు కూలబడ్డాడు.

"గంగులన్నా, కూలి నాలుగో వంతుకు దిగింది. మా పాలెంలో పొయ్యిలు వెలగవు. తాతల నాటి పని వదిలేసి ఉప్పు బస్తాలు మోయడానికి రేవుకు పోతాం."

"రెండు రోజులు ఆగు ఓబన్నా."

మర్నాడు తాంబూలం అందిస్తూ గంగులు మెల్లగా బోయీల కూలి మాట కదిపాడు. రాజు నవ్వాడు.

"సభలో ఇచ్చిన మాట నేను వెనక్కి తీసుకోనురా. నడక కూడా పనేనని పేష్కారే తన నోటితో అనాలి. అనిపించగలవా?"

"అనిపిస్తాను ప్రభూ."

"రేపే ఆయనకు సన్మానం. రేపటి సభ ముగిసేలోగా అనిపించలేకపోతే ఆ పెట్టె ఇక్కడ పెట్టి కోట దాటాలి, తెలిసిందా?"

గంగులు పెట్టె వంక ఒకసారి చూసుకున్నాడు. అయినా సరేనన్నాడు. ఆ పూటే బోయపాలెం వెళ్లాడు.

"రేపు మీరు చేయాల్సింది ఒక్కటే ఓబన్నా. శాసనాన్ని పొల్లు పోకుండా పాటించండి."

తెల్లవారింది. చిదంబరయ్య తలంటు పోసుకుని, పట్టుబట్ట కట్టి, గంధం పూసుకుని తన ఇంటి వాకిట్లో నిలబడ్డాడు. ఆయన్ను సభకు వెంటబెట్టుకుని రమ్మని రాజు గంగులునే పంపాడు. మనుషులున్నారు, మేళం ఉంది. పల్లకీ లేదు.

బోయపాలేనికి పంపిన కబురుకు జవాబు వచ్చింది.

"అయ్యా, పల్లకీ మా కొట్టంలోనే ఉంది. మీ ఇంటికి తేవడం మా పని కాదని మీరే రాయించారు. మీరు వచ్చి ఎక్కగానే మా పని మొదలు!"

చిదంబరయ్యకు గుర్రమంటే భయం. పల్లకీ లేకుండా సభకు వెళితే సన్మానం తేలిపోతుంది. చేసేది లేక నడిచాడు. రెండు క్రోసుల బాట, లేత ఎండ కాదు, మాడ్చే ఎండ. కొత్త చెప్పులు కరిచాయి. గంధం చెమటలో కలిసి గడ్డం దాకా కారింది.

"ఇంకెంత దూరంరా గంగులూ?"

"బోయీలు రోజూ వచ్చే దూరమేనండి."

పాలెం చేరి ఉసూరుమంటూ పల్లకీ ఎక్కాడు. కట్లు బిగించలేదు, పల్లకీ కిర్రుమంది. పొడుగూ పొట్టీ చూసి జతలు కట్టుకోలేదు, ముందు పొట్టివాళ్లు, వెనక తాటిచెట్లంత వాళ్లు పట్టారు. పేష్కారు ముందుకు జారాడు.

"ఓరి ఓరి, పడేస్తున్నారు!"

"గట్టిగా పట్టుకోండయ్యా! జతలు చూసుకోవడానికి కూలి లేదు కదా!"

సభకు చేరేసరికి పేష్కారు తలపాగా చెవి మీదికి వచ్చింది. రాజు కనుబొమలు ముడిచాడు.

"జాము నుంచీ కాచుకుని ఉన్నాం చిదంబరయ్యగారూ. ఇదేనా రావడం?"

పేష్కారు నోరు తెరిచేలోగా గంగులు అందుకున్నాడు.

"తప్పు వారిది కాదు ప్రభూ. వారు పల్లకీ ఎక్కిందే ఇందాక. అంతవరకూ ఊరికే ఉన్నారు."

చిదంబరయ్యకు ఒళ్లు మండింది.

"ఊరికే ఉన్నానా? కోడి కూయకముందు లేచానురా! రెండు క్రోసులు నడిచాను! ఈ బొబ్బలు చూడు! పక్కనే ఉండి ఏం మాటలురా అవి?"

"నడిస్తే నడిచారు లెండి. నడక కూడా ఒక పనేనా?"

"పని కాక? మోతకన్నా నడకే పెద్ద పని!"

సభలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. తానేమన్నాడో చెవిన పడి పేష్కారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రాజు సింహాసనం మీద పొట్ట పట్టుకుని నవ్వాడు.

"విన్నాం చిదంబరయ్యగారూ, అందరం విన్నాం! బోయీ తన గడప దాటింది మొదలు మళ్లీ తన గడప తొక్కేదాకా కూలి. ఇదే శాసనం. శాలువా మీకే. ఇవాళ చెప్పిందే మీ అసలైన సలహా."

తన చేతి బంగారు కడియం తీసి గంగులుకు తొడిగాడు.

సభ వాకిట్లో ఓబన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కండయ్యా, ఇంటి దగ్గర దించి వస్తాం."

పేష్కారు పల్లకీ వంక చూశాడు. తన కాళ్ల వంక చూసుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు:

"ముందు ఆ కట్లు బిగించి నూనె రాయండర్రా. జతలు సరిగ్గా చూసుకోండి. తొందరేం లేదు, కూలి వస్తుంది!"

ఈసారి బోయీలే ముందుగా నవ్వారు.