ఊసరవెల్లి కళ్ళు చెరోదారి పట్టిన కథ

ఒకప్పుడు ఊసరవెల్లి రెండు కళ్ళూ కలిసే చూసేవి. కుడికన్ను ఎటు తిరిగితే ఎడమకన్నూ అటే తిరిగేది. నడక కూడా ఇప్పటిలా ఉండేది కాదు. కొమ్మమీద సరసరా పరుగెత్తేది. పురుగు కనబడితే వెంటపడి నోటితో పట్టేసేది.

ఆ రోజుల్లో అది ఒక బలుసు పొదలో కాపురముండేది. పొద వెనక ఒక రాయి, పొద ముందు ఒక రాయి. వెనకది తాతల రాయి. ముందుది రేపటి రాయి.

అక్కడ ఒక ఆచారం ఉండేది. ఎవరు ఏ పురుగు పట్టినా మొదటిది తాతల రాయి మీద పెట్టాలి. రెండోది రేపటి రాయి మీద పెట్టాలి. మూడోదాన్నించి ఎవరిది వాళ్ళు తినొచ్చు.

తాతల పేరు చెప్పి మొదటిది ఉడుము తినేది. రేపటి పేరు చెప్పి రెండోది నెమలి తినేది. అవి తిన్నంతసేపూ, పెట్టినవాళ్ళు ఒక కన్ను వెనక రాయిమీద, ఒక కన్ను ముందు రాయిమీద ఉంచాలి. చూపు తిప్పితే తప్పు.

ఇది చేయబోయి తొండ మెడ పట్టేసింది. కప్ప రెండు రోజులు ప్రయత్నించి, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఊసరవెల్లి మాత్రం పట్టుదలగా నేర్చుకుంది.

"చూసి నేర్చుకోండర్రా!" అని ఉడుము అందరికీ చెప్పింది.

వానలు కురిసిన ఏళ్ళలో ఈ ఆచారం ఎవరికీ బరువు కాలేదు. పొదనిండా పురుగులే. అందులో రెండు పోతే ఏమిటి?

ఒక ఏడు వానలు రాలేదు. మృగశిర కార్తె ఎండలోనే పోయింది. ఆరుద్రా అలాగే పోయింది. బలుసు ఆకులు రాలిపోయాయి. రోజంతా వెతికితే రెండు పురుగులు దొరికేవి. ఒకటి వెనక రాయికి, ఒకటి ముందు రాయికి. అంతే.

తాతల కడుపు నిండింది. రేపటి కడుపూ నిండింది. ఊసరవెల్లి కూతురు కొసరి కడుపు మాత్రం వీపుకి అంటుకుంది. చివరి గుడ్డులోంచి వచ్చింది గనుక దానికి కొసరి అని పేరు.

"అమ్మా, నాకేది?" అంది కొసరి.

"రెండు పెట్టాక, తల్లీ."

"దొరికేవే రెండు కదా!"

ఊసరవెల్లి ఉడుము వైపు చూసింది. ఉడుము దగ్గర జవాబు ఉంది.

"వెనకటి రోజుల్లో ఉసిళ్ళు మబ్బులా లేచేవి. అదీ మన వైభవం!" అంది ఉడుము. "వేళ్ళు మరిచిన చెట్టు నిలవదు. గుర్తుపెట్టుకో."

"వెనకటి సంగతి వదిలెయ్. రేపు చూడు!" అంది నెమలి. "ఈనాటి ఆకలే రేపటి పండుగ! త్యాగం చేసినవాళ్ళదే భవిష్యత్తు!"

"మామా, ఆ త్యాగమేదో నువ్వూ చెయ్యొచ్చుగా?" అంది కొసరి.

నెమలి వినబడనట్టు పింఛం సర్దుకుంది.

మర్నాడు ఒక్క పురుగూ దొరకలేదు. పొద్దు వాలుతుండగా ఒక మిడత వచ్చి ఎదుటి కొమ్మమీద వాలింది. పచ్చగా, బలంగా ఉంది. ఊసరవెల్లి పరుగెత్తబోయింది.

"ఆగు! అది మొదటిది. వెనక రాయికి తే!" అని ఉడుము అరిచింది.

"నిన్నా మొన్నా నువ్వే ముందు తిన్నావు. ఇవాళ ముందు రాయికే!" అని నెమలి అరిచింది.

"తాతల్ని కాదంటావా?"

"నువ్వు రేపటికి అడ్డు పడతావా?"

ఊసరవెల్లి ఒక కన్ను వెనక్కి పోయింది, ఒక కన్ను ముందుకు పోయింది. కాలు ఎత్తి ముందుకు వెయ్యబోయింది. ఉడుము అరిస్తే వెనక్కి తీసింది. మళ్ళీ ముందుకు వంగింది. మళ్ళీ వెనక్కి ఊగింది. మిడత ముక్కుకు ఎదురుగానే ఉంది. కానీ ఏ కన్నూ దాన్ని చూడటం లేదు.

కొసరి కాళ్ళు పట్టు తప్పాయి. తోక ఒక్కటే కొమ్మకు చుట్టుకుని, తలకిందులుగా వేలాడింది.

"అమ్మా," అంది. గొంతు సన్నగా వచ్చింది. "నేను తాతనీ కాదు, రేపటినీ కాదు. నాకెప్పుడు పెడతావు?"

మిడత రెక్కలు విప్పింది.

ఊసరవెల్లి రెండు కళ్ళూ గిర్రున తిరిగి ఒక్కచోటికి వచ్చాయి. మిడత మీదికి. పరుగెత్తడానికి ఇంక వ్యవధి లేదు. ఆత్రంలో నాలుక చాచింది. ఆ నాలుక అంతకుముందు ఎన్నడూ సాగనంతగా, ఒంటి పొడవుకి మించి సాగింది. టప్! మిడత అంటుకుంది. అలాగే తీసుకెళ్ళి కొసరి నోట్లో పెట్టింది.

"ద్రోహం!" అంది ఉడుము.

"స్వార్థం!" అంది నెమలి.

ఊసరవెల్లికి చాలా కోపం వచ్చింది. అయినా కూతుర్ని కొమ్మమీదికి లాగాకే మాట్లాడింది.

"ఉడుము తాతా, నీ తాతలు ఆ రోజు తిండి ఆ రోజు తిన్నారు కాబట్టే మనం పుట్టాం. నెమలి మామా, ఇవాళ ఇది తింటేనే దీనికి రేపు ఉంటుంది. ఇక మీ తిండి మీరు పట్టుకోండి. కాళ్ళున్నాయి, ముక్కుంది."

తొండ మెడ నిమురుకుంటూ, "ఊసరక్కా, ఈ మాట పోయినేడే అనాల్సింది," అంది.

ఉడుము గొణుక్కుంటూ పుట్ట తవ్వుకోవడానికి పోయింది. నెమలి గింజలు ఏరుకోవడానికి చేలవైపు పోయింది. పునర్వసులో ఒక మాదిరి వాన పడింది. కొసరి బతికింది.

ఊసరవెల్లి తన కళ్ళను మళ్ళీ జత చేద్దామని చూసింది. కుదరలేదు. అన్నాళ్ళ అలవాటు మరి. కాళ్ళూ అంతే, ముందుకా వెనక్కా అని అడిగినట్టే ఊగేవి. కొసరి తల్లిని చూసే నడక నేర్చుకుంది. దాని పిల్లలు దాన్ని చూసి నేర్చుకున్నాయి.

అప్పటినుంచే ఊసరవెల్లి కళ్ళు ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు తిరుగుతూ ఉంటాయి. అప్పటినుంచే అది ప్రతి అడుగుకీ ముందుకూ వెనక్కీ ఊగుతుంది. కానీ ఎదురుగా పురుగు వాలిందా, రెండు కళ్ళూ ఒక్కచోటికి వస్తాయి. అప్పుడు ఎవరు పిలిచినా పలకదు. తినేస్తుంది.